పాలదవడపన్ను ముందే తీయించిన పిల్లవాడికి ఏ స్పేస్ మెయింటెయినర్ మేలు?

ప్రశ్న (ఒక తల్లి, రాజోలు):
మా అబ్బాయికి ఏడేళ్లు నిండాయి. పిప్పి లోతుకు పాకి చీము పట్టడంతో కింది ఎడమవైపు రెండవ పాలదవడపన్నును గత వారం తీయించాము. దాని వెనుక శాశ్వత దవడపన్ను ఇప్పటికే వచ్చింది. ఖాళీ మూసుకుపోకుండా కాపాడే స్పేస్ మెయింటెయినర్‌గా, పంటికి అతికించే బ్యాండ్ అండ్ లూప్ (పంటి చుట్టూ పట్టీ, దానికి తీగ ఉచ్చు) వేయాలని అమలాపురంలో ఒక డాక్టరుగారు, తీసి పెట్టుకునే ప్లేటు చాలునని మరొకరు చెప్పారు. ఎలాగూ ఊడే పన్నే కనుక ఏదీ అక్కరలేదని మా అత్తగారు అంటున్నారు. తెలిసినవారు వివరించగలరని మనవి.

సమాధానం (పిల్లల దంతవైద్యురాలు, భీమవరం):
మీ అత్తగారి మాట ముందుపళ్ల విషయంలో చాలావరకు నిజమేనండి. కోరపళ్లు వచ్చిన తరువాత ముందు పాలపన్ను పోయినా చోటు పెద్దగా తగ్గదు. దవడపన్ను సంగతి వేరు. రెండవ పాలదవడపన్ను సాధారణంగా 10-12 ఏళ్ల వరకు నిలిచి, వెనుకనున్న శాశ్వత దవడపన్నును (ఆరేళ్ల పన్ను అంటారు) ముందుకు జరగనివ్వదు. అది పోయాక ఆ జరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలలలోనే జరుగుతుంది కనుక ఆలస్యం చేయకండి.

ఒకవైపు ఒక్క పన్నే పోయింది కాబట్టి నేనైతే బ్యాండ్ అండ్ లూప్‌నే వేస్తాను. చాలా పళ్లు పోయిన పిల్లలకు ప్లేటు నమలడానికి కూడా పనికివస్తుంది, శుభ్రం చేయడమూ తేలికే. కానీ ఈ వయసువారు దానిని బడిలో తీసి జేబులో పెట్టుకొని పారేసుకోవడం మేము తరచుగా చూస్తుంటాము. లూప్‌కూ ఒక ఇబ్బంది లేకపోలేదు. అది ముందువైపు ఆనుకొనే మొదటి పాలదవడపన్ను 9-11 ఏళ్ల మధ్య ఊడుతుంది. ఖాళీలో రావలసిన శాశ్వత దంతం అంతకంటే ఆలస్యమైతే లూప్‌కు ఆధారం ఉండదు, అప్పుడు రెండు వైపుల దవడపళ్లను నాలుకవైపు నుండి తీగతో కలిపే లింగ్వల్ ఆర్చ్‌కు మారవలసి రావచ్చు. దానిని ఇప్పుడే వేయకపోవడానికి కారణం, కింది నాలుగు ముందు శాశ్వత దంతాలు పూర్తిగా రాకముందు ఆ తీగ వాటి దారికి అడ్డు తగలడమే. ఏది వేసినా ముందుగా ఎక్స్‌రే తీయించి, అడుగున శాశ్వత దంతం ఉన్నదో లేదో చూపించమనండి.

సమాధానం (ఒక తండ్రి, పాలకొల్లు):
మా అమ్మాయికి అదే పన్ను ఐదేళ్లకే పోయింది. ఆరేళ్ల పన్ను అప్పటికి చిగురులోనే ఉన్నందువల్ల, చిగురులోకి దిగే రేకు గల డిస్టల్ షూ వేశారు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవారికి సాధారణంగా దానిని వేయరట, ఆ సంగతి ముందే అడిగారు. ఆ పన్ను పైకి వచ్చాక బ్యాండ్ అండ్ లూప్‌కు మార్చారు. సంక్రాంతికి జీళ్లు నమలగా బ్యాండ్ ఊడివచ్చింది, మళ్లీ సిమెంటుతో అతికించారు. జీళ్లు, తాటి తాండ్ర మాన్పించండి. పూతరేకులతో మాకు ఏ ఇబ్బందీ రాలేదు!

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. బ్యాండ్ ఊడకుండా లోపల సిమెంటు మాత్రమే కరిగితే మాకు తెలుస్తుందా?

సమాధానం (భీమవరం):
చాలాసార్లు తెలియదమ్మా. ఆ సందులో తిండి చేరి బ్యాండ్ కిందనే పిప్పి మొదలవుతుంది, పైగా మీ అబ్బాయి విషయంలో బ్యాండ్ ఉండేది శాశ్వత దంతం మీద. అందువల్ల నొప్పి లేకపోయినా ఆరు నెలలకొకసారి చూపించండి. ఖాళీలో కొత్త పన్ను తొంగిచూడగానే లూప్ తీయించాలి.