ప్రాగ్మాటిజం, అనలిటిక్ ఫిలాసఫీ: చదివాక మీకు నిజంగా అక్కరకొచ్చిందేంటి?

గోడమీదపిల్లి

ఆరేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఫిలాసఫీ చదువుతున్నాను. డిగ్రీ కోసం కాదు, ఊరికే. ఎక్కువగా అనలిటిక్ ఫిలాసఫీ, అంటే మాటల్ని, వాదనల్ని తర్కంతో విడదీసి చూసే దారి. ముందు రస్సెల్, తర్వాత విట్‌గెన్‌స్టైన్, ఆపైన క్వైన్. చదువుతున్నంతసేపూ బుర్రకు సాన పట్టినట్టుండేది. పోయిన నెల గెటియర్ సమస్య మీద పదకొండో వ్యాసం చదువుతూ మధ్యలో మూసేశాను. 1963లో గెటియర్ రాసింది మూడంటే మూడు పేజీలు. ఒక సంగతి నిజమై, మనం దాన్ని నమ్మి, నమ్మడానికి తగిన ఆధారం కూడా ఉంటే అది తెలిసినట్టే కదా అనుకుంటాం. కాదు, అవన్నీ ఉన్నా అది అదృష్టం కొద్దీ నిజమై ఉండొచ్చు అని రెండు ఉదాహరణలతో చూపించాడు. బాగుంది. ఆ తర్వాత అరవై ఏళ్లుగా దానికి మరమ్మతులు, ఆ మరమ్మతులకు మళ్లీ మరమ్మతులు. 'తెలుసు' అనే మాట వాడటానికి ఇబ్బంది పడ్డ మనిషి నాకైతే ఇంతవరకూ తగల్లేదు.

అదే వారం అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ ప్రాగ్మాటిజం మీద, అంటే ఒక ఆలోచన వల్ల ఆచరణలో తేడా ఏంటని చూసే దారి మీద, 1907లో అచ్చు వేయించిన ఉపన్యాసాలు చేతికొచ్చాయి. అందులో ఉడుత కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చెట్టు మానుకి ఒక పక్క ఉడుత, ఇంకో పక్క మనిషి. మనిషి చెట్టు చుట్టూ తిరుగుతుంటే ఉడుత కూడా అంతే వేగంగా అవతలి పక్కకి జరుగుతూ ఒక్కసారీ కనబడదు. మనిషి చెట్టు చుట్టూ తిరిగాడు, సరే. ఉడుత చుట్టూ తిరిగాడా? జేమ్స్ స్నేహితులు దీని మీద రెండు వర్గాలైపోయారు. 'చుట్టూ' అంటే ఉడుతకి ఉత్తరాన, తూర్పున, దక్షిణాన, పడమరన ఉండటమా, లేక దాని ముందు, కుడి పక్క, వెనక, ఎడమ పక్క ఉండటమా, ముందు అది తేల్చుకోండి, ఇంక గొడవే ఉండదు అన్నాడాయన.

చదివాక అరగంట నిద్ర పట్టలేదు. సిద్ధాంతాలు నాకూ కాస్తో కూస్తో తెలుసు కాబట్టి అవి వద్దు. మీ పనిలో, మీ ఇంట్లో ఈ చదువు ఎక్కడ ఉపయోగపడింది, ఎక్కడ బెడిసికొట్టింది, అది చెప్పండి.

ముక్కుసూటి

ఉద్యోగం రాదు. అంతవరకూ గ్యారంటీ.

మూడోబెంచి

నాది సాఫ్ట్‌వేర్. ఒకసారి మా టీమ్‌లో నాలుగు రోజులు ఒకే ఒక్క మాట మీద గొడవ. యూజర్ తన అకౌంట్ తీసేస్తే మేం డేటాబేస్‌లో ఒక గుర్తు పెట్టి దాచేస్తాం, ఎవరికీ కనబడదు. దీన్ని 'డిలీట్ అయింది' అనొచ్చా? ఒకాయన, డిస్క్ మీద ఉన్నంతకాలం డిలీట్ కాదు పొమ్మన్నాడు. ఇంకొకావిడ, ఎవరికీ కనబడనిది లేనట్టే కదా అంది. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరి గొంతులూ లేచాయి.

అప్పటికి నేను, ప్రాగ్మాటిజానికి పునాది వేసిన పర్స్ రాసిన 1878 వ్యాసం చదివి ఉన్నాను. ఒక భావానికి అర్థం కావాలంటే, అది నిజమైతే ఆచరణలో ఏమేం జరుగుతాయో చూడు, అంతకు మించి అందులో ఇంకేమీ ఉండదు అన్నది ఆయన సూత్రం. సరే అని బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను. అదే నంబరుతో మళ్లీ చేరితే పాత మెసేజ్‌లు వస్తాయా? మా ఇంజనీర్ ఎవరైనా తవ్వితే దొరుకుతాయా? రేపు బ్యాకప్ నుంచి రీస్టోర్ చేస్తే తిరిగొస్తాయా? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు. అంటే మేం ఒక ప్రశ్న మీద కాదు, మూడు ప్రశ్నల మీద ఒకేసారి అరుచుకుంటున్నాం. ఆ రోజు నుంచి మా దగ్గర 'డిలీట్' అనే మాట లేదు. దాచడం, తీసేయడం, చెరిపేయడం అని మూడు మాటలున్నాయి.

నాకు ఫిలాసఫీ ఇచ్చిన జీతం అదే. చాలు.

కుర్చీలోమనిషి

మూడోబెంచి గారూ, మీరు చేసింది అచ్చంగా అనలిటిక్ పని. ఒక మాటలో ఇరుక్కున్న మూడు అర్థాలను విడదీశారు. 1905లో రస్సెల్ చేసిందీ అదే కదా. ఫ్రాన్స్‌కి రాజు లేని కాలంలో 'ఇప్పటి ఫ్రాన్స్ రాజు బట్టతలవాడు' అనే వాక్యం తీసుకుని, ఇందులో మూడు వాదనలు దాక్కున్నాయి, ఒక రాజున్నాడు, ఒక్కడే ఉన్నాడు, వాడికి బట్టతల, మొదటిదే అబద్ధం కాబట్టి వాక్యం అబద్ధం అని విప్పి చూపించాడు. జేమ్స్ కూడా ఆ ఉడుత దగ్గర, వైరుధ్యం ఎదురైతే అర్థాలు విడదీయమన్న పాత పండితుల మాటనే తలుచుకుంటాడు. కాబట్టి ఉడుత గొడవ తీర్చింది ప్రాగ్మాటిజం అని చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగండి.

ఇంకో మాట. 'దీనివల్ల తేడా ఏంటి' అని తొందరపడి అడిగితే ఏమవుతుందో చూడండి. జర్మన్ తర్కవేత్త ఫ్రేగె 1879లో తన తర్కలిపి పుస్తకం వేస్తే పట్టించుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. అప్పుడు ఎవరైనా ఆయన్ని 'దీనివల్ల ఏం ఒరుగుతుంది' అని నిలదీసి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. 1902లో రస్సెల్ ఆయనకు ఉత్తరం రాసి మీ పునాదిలో వైరుధ్యం ఉంది అన్నాడు. దాన్ని తప్పించుకోవడానికి రస్సెల్ టైప్ థియరీ కట్టాడు, అంటే వస్తువుల్ని, వాటి గుంపుల్ని వేర్వేరు మెట్ల మీద పెట్టాడు. మూడోబెంచి గారు రోజూ కోడ్‌లో రాసే టైపుల వంశవృక్షంలో అది కూడా ఉంది. 1936లో ట్యూరింగ్ తన ఊహా యంత్రాన్ని కట్టింది కూడా తర్కంలో ఒక ప్రశ్న కోసమే, వ్యాపారం కోసం కాదు.

మూడోబెంచి

ఒప్పుకున్నాను. కానీ ఒక్క మాట. అర్థాలు ఎన్నయినా విడదీయొచ్చు, 'డిలీట్'కి నేను ముప్పై అర్థాలు చెప్పగలను. మూడు దగ్గర ఎందుకు ఆగాను? ఆ మూడింటికే యూజర్‌కి తేడా ఉంది కాబట్టి. ఎక్కడ ఆపాలో చెప్పింది పర్స్, రస్సెల్ కాదు.

కుర్చీలోమనిషి

ఇది బాగుంది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు.

తాళపత్రం

మీరంతా 1878 దగ్గర మొదలుపెట్టారు కానీ ఈ ప్రశ్న మన న్యాయశాస్త్రంలో, అంటే కోర్టుల న్యాయం కాదు, పాత తర్కశాస్త్రంలో, మొదటి వాక్యంలోనే ఉంది. దాని మూలగ్రంథం న్యాయసూత్రాలు పదహారు పదార్థాలు, అంటే విచారించాల్సిన అంశాలు, చెబుతాయి. ప్రమాణం (తెలుసుకునే సాధనం), ప్రమేయం (తెలుసుకోవాల్సింది) అయ్యాక మూడోది సంశయం, నాలుగోది ప్రయోజనం. అంటే సందేహం లేనిదే, ఏ ప్రయోజనమూ లేనిదే విచారణ మొదలవదు. పర్స్ కూడా మనసులో నిజంగా లేని సందేహాన్ని కాగితం మీద నటించొద్దు అంటాడు, అన్నిటినీ అనుమానించడంతో మొదలుపెట్టిన ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌ని ఉద్దేశించి.

ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం మొదట్లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. దూరంగా నీళ్లు కనబడ్డాయి. నీళ్లేనా, ఎండమావా? నడిచి వెళ్లి తాగితే దాహం తీరింది. ప్రవృత్తి సఫలమైంది కాబట్టి కలిగిన జ్ఞానం సరైనదే అని తెలుసుకుంటాం. ఇక్కడొక మెలిక ఉంది. నైయాయికులు, అంటే ఈ న్యాయశాస్త్రం వాళ్లు, దాహం తీరడమే సత్యం అనలేదు. దాహం తీరడం సత్యాన్ని పట్టిచ్చే గుర్తు అన్నారు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే జేమ్స్‌కి, ఆయన్ని తిట్టినవాళ్లకి అన్నేళ్లు గొడవ నడిచింది.

అన్నట్టు, మనం రోజూ వాడే 'వితండవాదం' కూడా అక్కడిదే. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ నిలబెట్టే పక్షమే లేకుండా ఎదుటివాడిది కూల్చడమే పనిగా పెట్టుకునేది వితండం. కొన్ని సెమినార్లలో కూర్చున్నప్పుడు ఈ మూడోది బాగా గుర్తొచ్చేది.

నైట్‌డ్యూటీ

నేను వార్డులో నర్సుని. ఫిలాసఫీ పుస్తకాలు రాత్రి డ్యూటీల్లో చదివినవే. జేమ్స్ పేరు మీద చెప్పే 'పని చేసేదే నిజం' అన్న మాట మీద నా అనుభవం చెబుతాను.

ఒక పెద్దాయన చేరారు. రిపోర్టు బాగాలేదు. కొడుకులు నన్ను పక్కకి పిలిచి, నాన్నకి చెప్పకండి, అంతా బాగుందనే అనండి అన్నారు. డాక్టరు కూడా చూసీచూడనట్టు ఊరుకున్నారు. నేను బాగుందనే అన్నాను. నిజంగానే ఆయన తేరుకున్నారు. తిండి తిన్నారు, నిద్రపోయారు, పక్క మంచం ఆయనతో జోకులు. పదకొండు రోజులు. ఏ లెక్కన చూసినా ఆ అబద్ధం పని చేసింది.

పన్నెండో రోజు నా చేయి పట్టుకుని అడిగారు. "అమ్మా, తమ్ముడితో నాకు పదేళ్లుగా మాటల్లేవు. ఇంటికెళ్లాక నెమ్మదిగా కబురు పెడదామనుకుంటున్నా. తొందరేం లేదుగా?"

నేను రక్తపోటు పట్టీ చుడుతూ ఏదో గొణిగాను. ఆ రాత్రే పెద్ద కొడుకుకి ఫోన్ చేసి, మీరు చెబుతారా నన్ను చెప్పమంటారా అని అడిగాను. కోప్పడ్డాడు. పొద్దున వచ్చి తనే చెప్పాడు.

జేమ్స్ మీద రస్సెల్ వేసిన నింద ఇదే కదా, మంచి ఫలితం ఇచ్చిందల్లా నిజం కాదు అని. కానీ జేమ్స్‌ని మళ్లీ చదివితే ఆయన అన్నది దీర్ఘకాలంలో, మొత్తం మీద చూస్తే పనికొచ్చేది అని. మా పదకొండు రోజులు దీర్ఘకాలం కాదు, 'మొత్తం'లో ఆ తమ్ముడు లేడు. అందుకని ఇప్పుడు ఎవరైనా 'ఇది వర్కౌట్ అయింది' అంటే, ఎవరికి, ఎన్నాళ్లకి అని నోటికొచ్చేస్తుంది. వార్డులో నాకు దీనివల్ల కొంచెం చెడ్డపేరే వచ్చింది.

ముక్కుసూటి

తమ్ముడు వచ్చాడా?

నైట్‌డ్యూటీ

వచ్చాడండి. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పక్కన కూర్చున్నాడు.

లోలకం

నా పేరు చూసి పట్టేసే ఉంటారు, నేను పర్స్ మనిషిని. ఆయన ముప్పై ఏళ్లు అమెరికా తీరప్రాంత సర్వేలో పని చేశాడు. లోలకం ఊపి గురుత్వాకర్షణ కొలవడం ఆయన డ్యూటీ. లోలకంతో పాటు దాని స్టాండు కూడా కంటికి కనబడనంత కొద్దిగా ఊగుతుందనీ, అందుకే కొలతలు తప్పుతున్నాయనీ లెక్క కట్టి చూపించాడు. ఆయన ఫిలాసఫీ మొత్తం నాకు ఆ స్టాండులో కనిపిస్తుంది.

నాది కొలత పరికరాల కాలిబ్రేషన్. ఒక ల్యాబ్‌లో తక్కెడ ఏడు నెలల పాటు ప్రతిసారీ ఒకే రీడింగ్ ఇచ్చింది. అందరూ హ్యాపీ. సరుకు పాసైపోతోంది, ఆడిట్ పాసైపోతోంది. 'పని చేస్తోందిగా' అన్నారు. వేరే ల్యాబ్ నుంచి అదే శాంపిల్ మీద తేడా రిపోర్టు వచ్చింది. మేం తీసుకెళ్లిన ప్రామాణిక తూకపు గుండు పెట్టి చూస్తే తక్కెడ మొదటి నుంచీ ఒకే వైపు తప్పుతోంది. నిలకడగా తప్పు. నిలకడ చూసి నిజం అనుకున్నారు.

పర్స్ సత్యాన్ని నా జేబులో పెట్టలేదు, వేరే ల్యాబ్‌లో పెట్టాడు. విచారించేవాళ్లందరూ ఆపకుండా విచారిస్తూ పోతే ఎక్కడ కలుసుకుంటారో అది సత్యం. అందుకే జేమ్స్ 'ప్రాగ్మాటిజం' అన్న పేరు తీసుకుని తిప్పేస్తుంటే ఒళ్లు మండి, 1905లో తన దానికి 'ప్రాగ్మాటిసిజం' అని పేరు మార్చుకున్నాడు. ఇంత వికారమైన పేరుని ఎవరూ ఎత్తుకుపోరులే అన్నాడట. నిజంగానే ఎవరూ ఎత్తుకుపోలేదు.

సగంలోమానేసిన

ఎం.ఏ. ఫిలాసఫీ రెండో ఏడు వదిలేశాను. అమెరికన్ తత్వవేత్త రోర్టీని చదవడం వల్లే అని చెప్పుకుంటుంటాను, సగం నిజం. ఆయన అనలిటిక్ వాళ్లలో పేరున్నవాడు. 1979 పుస్తకంలో, మనసు ప్రపంచాన్ని ప్రతిబింబించే అద్దం, ఆ అద్దాన్ని తుడిచి మెరుగు పెట్టడం ఫిలాసఫీ పని అన్న బొమ్మనే వదిలేద్దాం అన్నాడు. 1982లో ప్రిన్స్‌టన్ ఫిలాసఫీ శాఖ నుంచి కూడా బయటికొచ్చేశాడు. ఇరవై రెండేళ్ల వయసులో అది చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇక సత్యం గిత్యం ఏమీ లేదు, సంభాషణే ఉంది అని హాస్టల్ అంతా ప్రచారం చేశాను. తర్వాత లోలకం గారు చెప్పిన తక్కెడలాంటిది నా నెత్తిన పడింది. అది ఇక్కడ చెప్పను. పర్స్ పక్షాన నిలబడ్డ తత్వవేత్త సూజన్ హాక్ రోర్టీని ఎందుకంత గట్టిగా ఉతికిందో ఆ తర్వాత అర్థమైంది.

మిగిలింది ఒకటుంది. జేమ్స్ తర్వాతి ప్రాగ్మాటిస్టు డ్యూయీ 1917లో, తత్వవేత్తల సమస్యలతో కుస్తీ మానేసి మనుషుల సమస్యలకి ఒక పద్ధతిగా మారినప్పుడే ఫిలాసఫీ కోలుకుంటుంది అన్నాడు. అప్పటికి ఏడాది కిందటి దాకా కొలంబియాలో ఆయన క్లాసుల్లో కూర్చున్న ఒక విద్యార్థి, 1936లో కులం మీద రాసుకున్న ప్రసంగంలో ఆయన్ని నా గురువు అని చెప్పుకుని ఆయన మాటల్ని వాడుకున్నాడు. అంబేడ్కర్. గెటియర్ మీద పదకొండు వ్యాసాలున్నాయంటున్నారు గానీ, ఆ ఒక్క ప్రసంగం చదివారా?

కుర్చీలోమనిషి

అనలిటిక్ వాళ్లంటే కుర్చీ దిగనివాళ్లని ఈ మధ్య ఒక ముద్ర పడింది, నా పేరు కూడా అందుకే పెట్టుకున్నాను. తర్కం, సైన్సు పట్టుకుని ఫిలాసఫీ చేసిన వియన్నా సర్కిల్ బృందంలో నోయ్‌రాట్‌ని చూడండి. మామూలు జనానికి లెక్కలు అర్థం కావాలని 1925లో బొమ్మల గణాంకాల మ్యూజియం పెట్టాడు. నడిసముద్రంలో, రేవుకి చేరే వీలు లేకుండా, ఎక్కిన ఓడనే పలక పలకా మార్చుకునే నావికుల పోలిక ఆయనదే. క్వైన్‌కి అది ఎంత నచ్చిందంటే తన పుస్తకం ముందుపేజీలో పెట్టుకున్నాడు. ఆ క్వైన్ 1951 వ్యాసం చివర, నేను కార్నాప్ (అదే సర్కిల్‌లో ఇంకొకాయన) కంటే ఇంకా పూర్తి ప్రాగ్మాటిజం వైపు వెళ్తున్నాను అంటాడు. మనం గీసుకున్న ఈ గోడ వాళ్లకి అంత ఎత్తుగా లేదు.

గోడమీదపిల్లి

గోడ అనగానే నన్నే అన్నారనుకున్నాను.

అందరికీ థాంక్స్. సగంలోమానేసిన గారూ, ఆ ప్రసంగం చదివాను కానీ డ్యూయీ సంగతి గమనించలేదు, మళ్లీ తీస్తాను. తాళపత్రం గారూ, ఆ పదహారింటి మీద విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి.

ఈలోగా నాకొకటి జరిగింది, చెప్పకపోతే మోసం చేసినట్టు. నాది అకౌంట్స్ పని. మొన్న నెలాఖరు లెక్క మొదటి దెబ్బకే టాలీ అయింది. రెండు వైపులా పైసా తేడా లేదు, సంతకం పెట్టి పంపేశాను. నిన్న కొత్తగా చేరిన అమ్మాయి పాత ఎంట్రీలు తిరగేస్తూ, సార్, ఇక్కడ ఒక బిల్లు రెండుసార్లు ఎక్కింది అంది. అలా ఎలా, టాలీ అయిందిగా అన్నాను. ఇద్దరం కూర్చుని వెతికితే, సరిగ్గా అంతే మొత్తం ఉన్న ఇంకో బిల్లు అసలు ఎక్కనే లేదు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి మింగేశాయి. మొత్తం కరెక్టే. నేను నమ్మాను. నమ్మడానికి ఆధారం కూడా ఉంది, టాలీ కంటే ఆధారం ఏం కావాలి?

నాకు తెలుసా, తెలియదా?

ఆ అమ్మాయి నా మొహం చూసి తిట్టబోతున్నాననుకుని బెదిరిపోయింది. నేను నవ్వుతున్నాను. ఆ ఎక్కని బిల్లు తాలూకు మనిషికి డబ్బు వెళ్లలేదు, ఆయన వచ్చే వారం ఫోన్ చేసేవాడు, కాబట్టి తేడా ఉంది మూడోబెంచి గారూ, యూజర్‌కి తేడా ఉంది. పన్నెండో వ్యాసం ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

లోలకం

ఆ రెండు తప్పులూ చేసింది ఒకరేనా? ఒకరే అయితే పోయిన ఏడాది పుస్తకాలు కూడా తీయండి.