పదేళ్లు దాటిన చిన్న కారు: కిలోమీటరుకు నిజంగా ఎంత పడుతోంది?

ఖమ్మం_మాస్టారు
2014 మేలో కొన్న ఆల్టో 800 నాది. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ, షెడ్డుకు ఇచ్చిన ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మొన్న మీటరు 1,02,000 చూపించింది. ఇంట్లో ఇప్పుడు పెద్ద కారు మాట నడుస్తోంది. ఏదో ఒకటి తేల్చుకునే ముందు పుస్తకం ముందేసుకుని రెండు రోజులు కూర్చుని మొత్తం లెక్క వేశాను.

కారు ధర రోడ్డు మీదికి వచ్చేసరికి 3,56,000. ఇప్పుడు అమ్మితే 1,30,000 ఇస్తామంటున్నారు. అంటే కారు విలువలో కరిగిపోయింది 2,26,000. పెట్రోలుకు 4,86,000 అయింది. కొన్న కొత్తలో లీటరు 80కి అటూఇటూగా ఉండేది, ఇప్పుడు 107 పైమాటే. సగటున లీటరుకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు వచ్చింది. మొదటి ఏడాది తర్వాత కట్టిన ఇన్సూరెన్సులు అన్నీ కలిపి 81,000. మామూలు సర్వీసింగులు 64,000. రెండుసార్లు నాలుగేసి టైర్లు మార్చాను, 24,500. మూడు బ్యాటరీలు 11,600.

ఇక రిపేర్లు. క్లచ్ సెట్టు 6,800, ఇంజిన్ వాల్వులను వేళకు కదిలించే టైమింగ్ బెల్టు 4,500, తొమ్మిదో ఏట ఏసీ పని 9,200, సస్పెన్షన్ బుష్‌లూ లోయర్ ఆర్మ్‌లూ 7,500, రేడియేటర్ 4,000, ఎలుకలు కొరికిన వైరింగుకు 5,600. ఇవి 37,600.

అన్నీ కలిపితే 9,30,700. కిలోమీటరుకు 9 రూపాయల 12 పైసలు. టోల్ గేట్లు, వాటర్ వాష్ ఇందులో లేవు. పదకొండేళ్లుగా నా కారు కిలోమీటరుకు ఐదు రూపాయల్లో నడుస్తోందని అందరికీ చెబుతూ వచ్చాను. అది ఒట్టి పెట్రోలు లెక్క. దాదాపు అంతే సొమ్ము వేరే దారుల్లో పోయిందని కూడేదాకా నాకే తెలియలేదు. మీ మీ లెక్కలు కూడా పెట్టండి, ముఖ్యంగా పదేళ్లు దాటినవాళ్లు.

మియాపూర్_డైలీ
మాస్టారూ, నమస్తే. ఇంత ఓపికగా రాసినందుకు ముందుగా థ్యాంక్స్. నాది 2018లో కొన్న ఏఎంటీ, అంటే గేర్లు తనే మార్చుకునే చిన్న కారు, కంపెనీ పేరు వద్దులెండి. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, పొద్దునా సాయంత్రమూ నిండు ట్రాఫిక్. కొనేటప్పుడు లీటరుకు 23 కిలోమీటర్లు వస్తుందన్నారు. నాకు వచ్చేది పదమూడున్నర, ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంటే పదహారు. 58,000 కిలోమీటర్లకే క్లచ్ పోయింది, బిల్లు 17,000. ఆటోమేటిక్ అంటే క్లచ్ గొడవే ఉండదనుకున్నాను. ఆ బిల్లు చూసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

గుంటూరు_షెడ్డు
తమ్ముడూ, ఏఎంటీ అంటే లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. నీ కాలు చేసే పని అక్కడ ఒక యాక్చుయేటర్ చేస్తుంది, అంతే తేడా. ఫ్లైఓవర్ ఎక్కే చోట బండి ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మీద కొద్దిగా ఆపి ఉంచుతావా? పది మందిలో ఎనిమిది మంది అదే చేస్తారు. ప్లేటు సగం పట్టి సగం జారుతూ కాలిపోతుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించినా అంతే. ముందు బండి కాస్త దూరం పోయాక ఒకేసారి కదిలించు. అర నిమిషం మించి ఆగే సిగ్నల్ అయితే న్యూట్రల్‌లో వేసి బ్రేకు మీద ఉండు. నా దగ్గర ఇలా జాగ్రత్తగా నడిపి లక్ష దాటించినవాళ్లు ఉన్నారు.

మైలేజీ సంగతి కూడా చెబుతాను. కంపెనీ చెప్పే అంకె ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపేసి తీసేది. హైదరాబాద్ మే నెల ఎండలో, ఏసీ నాలుగో నంబరు మీద పెట్టి, గంటకు పదిహేను కిలోమీటర్లు పోతుంటే ఆ అంకె ఎవరికీ రాదు. మీరు కొలుచుకునేటప్పుడు ట్యాంకు ఫుల్లు చేయించి, మీటరు రాసుకుని, మళ్లీ అదే బంకులో ఫుల్లు చేయించి లెక్కేయండి. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు చేస్తేనే సరైన సగటు వస్తుంది.

నెల్లూరు_ఐదేళ్లు
నాది వేరే అభిప్రాయం. ఐదేళ్లకు అమ్మేయడమే మేలు. టైర్లు, బ్యాటరీ, క్లచ్, సస్పెన్షన్ అన్నీ ఆ తర్వాతే వరసగా మీద పడతాయి. నేను రెండు కార్లు అలాగే అమ్మాను, రిపేరు టెన్షన్ అంటే తెలియదు.

ఖమ్మం_మాస్టారు
మీరు అన్నది నా లెక్కతోనే సరిచూశాను. 2019లో ఒకాయన నా కారుకు 2,10,000 ఇస్తానన్నారు. అంటే మొదటి ఐదేళ్లలో 1,46,000 కరిగింది, ఏడాదికి 29,200. ఆ తర్వాత ఆరున్నరేళ్లలో కరిగింది 80,000 మాత్రమే, ఏడాదికి 12,300. ఆ ఆరున్నరేళ్లలో రిపేర్లన్నీ, రెండో టైర్ల సెట్టు, రెండు బ్యాటరీలు కలిపితే 59,100. ఏడాదికి తొమ్మిది వేలు. రెండూ కలిపినా 21,400 దాటలేదు. కొత్త కారు కొని ఉంటే మళ్లీ ఆ 29,000తోనే మొదలయ్యేది, అదీ పెరిగిన ధర మీద.

ఇన్సూరెన్సు వాళ్లు కారు విలువ కట్టే పట్టిక చూసినా ఇదే కనిపిస్తుంది. ఆరు నెలలు దాటితే 15 శాతం కోత, ఏడాది దాటితే 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50. సగం విలువ ఐదేళ్లలోనే పోతుంది. ఆ నష్టాన్ని భరించిన మనిషే మిగతా ఏళ్ల లాభం కూడా అనుభవించాలని నా ఉద్దేశం.

నెల్లూరు_ఐదేళ్లు
ఒప్పుకుంటున్నాను మాస్టారూ, డబ్బు లెక్కలో మీదే సరి. కానీ నేను మెడికల్ రెప్‌ని. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరుగుతాను, రాత్రి పదింటికి ఊరి బయట బండి ఆగితే నాకు కుదరదు. ఆ భరోసాకు ఏడాదికి ఎనిమిది వేలు ఎక్కువ పెడుతున్నానని ఇప్పుడు తెలిసింది. అయినా పెడతాను.

విశాఖ_సముద్రం
సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇంకో ఖర్చు ఉంది. మా అపార్ట్‌మెంటు బీచ్ రోడ్డుకు రెండు వీధుల అవతల. ఇంజిన్ ఏడేళ్లయినా బంగారంలా ఉంది, కింద బాడీ మాత్రం ఉప్పు గాలికి తినేసింది. డోర్ల కింద రన్నింగ్ బోర్డులు రెండూ కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, పెయింటు వేయించడానికి 18,000 అయింది. కొన్నప్పుడే అండర్‌బాడీ కోటింగ్ వేయించి, రెండేళ్లకోసారి చూపించుకుని ఉంటే ఇందులో మూడో వంతు కూడా అయ్యేది కాదు. వానాకాలం అయిపోగానే కింద వైపు మంచి నీళ్లతో కడిగించండి. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, మట్టి పట్టి మూసుకుపోతాయి. అవి పుల్లతో శుభ్రం చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

బెజవాడ_సీఎన్‌జీ
సీఎన్‌జీ వాళ్లం కూడా ఉన్నామండీ. కంపెనీ ఫిట్టింగ్ వ్యాగన్ఆర్. పెట్రోలు మోడల్ కంటే 95,000 ఎక్కువ పెట్టాను. కిలోకు 26, 27 వస్తోంది, కిలోమీటరుకు మూడున్నర పడుతోంది. మా దగ్గర పెట్రోలు 109, పదిహేడున్నర మైలేజీ అనుకుంటే ఆరూ పాతిక. కిలోమీటరుకు రెండూ డెబ్బై మిగులుతోంది. అంటే ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 35,000 కిలోమీటర్లు తిరగాలి. నేను నెలకు రెండు వేలు తిరుగుతాను, ఏడాదిన్నరలో వచ్చేసింది. మా బావగారు నెలకు మూడు వందల యాభై తిరుగుతారు, ఆయనకు ఎనిమిదేళ్లు పైన పడుతుంది. నా బండి చూసి ఆయన కూడా సీఎన్‌జీ తీసుకుంటానంటే పట్టుబట్టి వద్దన్నాను.

సిలిండరు అక్కడే ఉంటుంది కాబట్టి డిక్కీ మీద ఆశ వదులుకోవాలి. మూడేళ్లకోసారి సిలిండరుకు హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి, ఆ తేదీ ఫోనులో పెట్టుకోండి. పండగ రోజుల్లో బంకు దగ్గర క్యూలో గంట నిలబడ్డ రోజులు ఉన్నాయి.

కరీంనగర్_మొదటికారు
అందరికీ నమస్కారం. నేను, మావారు ఇద్దరం ఉద్యోగులం. మొదటి కారు, బడ్జెట్ రెండు లక్షల ముప్పై వేలు. 2016 మోడల్ చిన్న కారు ఒకటి చూశాం, 48,000 తిరిగింది. నెలకు నాలుగు వందల కిలోమీటర్లు దాటం. దేని గురించి జాగ్రత్తపడాలి?

గుంటూరు_షెడ్డు
అక్కా, తొమ్మిదేళ్లలో 48,000 అంటే తక్కువ తిరిగింది. తక్కువ తిరిగిన బండి అంటే మంచిదే అనుకోకండి. నిలబడి ఉన్న బండికి రబ్బరు ఎండిపోతుంది, టైర్లు పగుళ్లు ఇస్తాయి, బ్యాటరీ పోతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 1916 అని ఉంటే 2016లో పంతొమ్మిదో వారం. అంటే బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయన్నమాట. అప్పుడు ధరలో పన్నెండు వేలు తగ్గించమని అడగండి.

రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తీసి చూడండి. రంగు కూలెంట్ లేకుండా ఒట్టి నీళ్లు, అందులో తుప్పు ఉంటే వెనక్కి వచ్చేయండి. బోరు నీళ్లు పోసి లోపల సున్నం పట్టించిన రేడియేటర్లు నేను నెలకు రెండైనా మారుస్తాను. బండి వేడెక్కి ఇంజిన్ పైభాగాన ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్ పోతే చిన్న ఇంజిన్‌కైనా పాతిక వేలు దాకా పోతుంది. బండికి టైమింగ్ బెల్టు ఉందా చైను ఉందా కనుక్కోండి. మాస్టారి 800 సీసీ ఇంజిన్‌కు బెల్టు, అదే కంపెనీ కే10 ఇంజిన్‌కు చైను. బెల్టు అయితే మార్చిన బిల్లు చూపించమనండి, లేకపోతే ఆ ఖర్చు మీదే అనుకోండి.

మీరు తక్కువ తిరుగుతారు కాబట్టి ఇంకో మాట. కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత బండిలో నెలల తరబడి అదే పెట్రోలు నిలవ ఉంచకండి, వారానికి ఒకసారైనా అరగంట నడపండి. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది, ఇథనాల్‌లో పెట్రోలుకున్నంత శక్తి ఉండదు.

మియాపూర్_డైలీ
అక్కా, ఇన్సూరెన్సు గురించి నేను చేసిన తప్పు మీరు చేయకండి. గీతలు పడ్డ బంపరుకు 3,200 క్లెయిమ్ చేశాను. వెయ్యి మనం పెట్టుకోవాలి కాబట్టి నాకు వచ్చింది 2,200. అప్పటికి నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది సున్నాకు పోయింది. మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్లెక్కి 50కి చేరడానికి ఐదేళ్లు. మన బండికి తగిలే దెబ్బలకు కట్టే సొంత డ్యామేజీ ప్రీమియం ఐదు వేలు అనుకుంటే ఆ ఐదేళ్లలో పోగొట్టుకునేది 6,250. చిన్న దెబ్బలు చేతి డబ్బుతో చేయించుకోండి.

ఇంకోటి, పాత ఓనరు బోనస్ మీకు రాదు. అది మనిషిది, బండిది కాదు.

ఖమ్మం_మాస్టారు
అమ్మా, ఒక విషయం కలుపుతాను. 2016 బండికి ఆర్‌సీ 2031 దాకానే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి, దానికే ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇప్పుడు కొంటే మీ చేతిలో ఉన్నది దాదాపు ఆరేళ్లు. అమ్మాలనుకుంటే 2029 లోపే అమ్మండి, పదిహేనేళ్లు దగ్గరపడితే అడిగేవాళ్లు తగ్గుతారు.

మీ నాలుగు వందల కిలోమీటర్లకు నెలకు పెట్రోలు 2,500 దాటదు. మిగతావన్నీ కలిపి ఇంకో మూడు వేలు పక్కన పెట్టుకోండి. అందులో పన్నెండు వందలు కారు విలువ తరుగుకు, మిగిలింది ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకు. విడిగా ఒక అకౌంటులో వేస్తే క్లచ్ పోయిన రోజు అప్పు కోసం వెతుక్కోనక్కర్లేదు.

కరీంనగర్_మొదటికారు
ఈ రోజు సాయంత్రం గుంటూరు అన్న చెప్పినట్టే వెళ్లి చూశాం. టైర్ల మీద 0816 ఉంది. కూలెంట్ ఆకుపచ్చగా శుభ్రంగా ఉంది. బెల్టు బిల్లు లేదు. 2,30,000 చెప్పినవాళ్లు 2,12,000కు దిగారు. రేపు మాకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తున్నాం. మాస్టారూ, నోటు పుస్తకం మాత్రం ఇప్పుడే కొనేశాను.