సురంజన్‌దాస్ రోడ్డు మీద రోజూ వెళ్తున్నాం, ఆ సురంజన్ దాస్ ఎవరు?

ప్రశ్న (కగ్గదాసపుర నుంచి)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. పాపను బండి మీద స్కూల్లో దింపడానికి రోజూ సురంజన్‌దాస్ రోడ్డు మీదుగానే వెళ్తాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డునీ ఓల్డ్ మద్రాస్ రోడ్డునీ కలిపే రోడ్డు, ఇక్కడున్న మనవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడ ఇరుక్కుంటే బండి కదలదు.

మొన్న అలా ఆగి ఉన్నప్పుడు పాప బోర్డు కూడబలుక్కుని చదివి, "నాన్నా, సురంజన్ దాస్ అంటే ఎవరు?" అని అడిగింది. "ఎవరో పెద్ద నాయకుడమ్మా" అనేశాను. అన్న దగ్గర్నుంచి మనసు ఊరుకోలేదు. తెలియకపోతే తెలియదని చెప్పాలి గానీ పిల్లకు నోటికొచ్చింది చెప్పడమేంటి?

రాత్రి వెతికితే ఆయన టెస్ట్ పైలట్ అని, మారుత్ అనే విమానం నడిపారని, ప్రమాదంలో పోయారని తెలిసింది. అంతకు మించి బుర్రకెక్కలేదు. మామూలు పైలట్‌కీ టెస్ట్ పైలట్‌కీ తేడా ఏంటి? ఆయన నడిపిన విమానం పాపకు చూపించాలంటే ఎక్కడుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. ఈసారి పాపకు సరైన జవాబు చెప్పాలి.

జవాబు 1 (వైట్‌ఫీల్డ్ నుంచి)

నాకు తెలిసింది కొంచెమే. గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ ఇక్కడి ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్‌లో చీఫ్ టెస్ట్ పైలట్. తండ్రి సుధీ రంజన్ దాస్ మన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు. కొడుక్కి చనిపోయాక పద్మభూషణ్ ఇచ్చారు. కోర్టుల గురించి చదివేటప్పుడు తండ్రి పేరు తగిలింది, ఈ రోడ్డు ఆయన కొడుకుదని తెలిసి నేనూ ఆశ్చర్యపోయాను. మారుత్ కథ పాతతరం వాళ్ళు చెప్తే బాగుంటుంది.

జవాబు 2 (విమానపుర నుంచి, రిటైర్డ్ ఫిట్టర్)

బాబూ, మాది పలమనేరు. 1974లో అప్రెంటిస్‌గా చేరి, రిటైర్ అయ్యేదాకా ఆ రోడ్డుకు దగ్గర్లోనే విమానాల మీద పనిచేశాను. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే విమానం బాడీ పని. దాస్ గారిని నేను చూడలేదు. నేను చేరేసరికి ఆయన పోయి నాలుగేళ్ళు. కానీ ఆయన విమానాలకు పనిచేసిన వాళ్ళ చేతి కింద పని నేర్చుకున్నాను.

ముందు నువ్వడిగిన తేడా చెప్తాను. మామూలు పైలట్ ఎక్కే విమానం సంగతి ముందే పుస్తకంలో రాసి ఉంటుంది. ఎంత వేగం దాటకూడదు, ఎంత బరువుతో దిగొచ్చు, ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలి, అన్నీ ఉంటాయి. ఆ పుస్తకం పూర్తి కాకముందే ఎక్కేవాడు టెస్ట్ పైలట్. ఇవాళ ఇంత వేగం, రేపు ఇంకాస్త, ఎల్లుండి ఇంకాస్త. దిగొచ్చాక డిజైనర్ల ఎదురుగా కూర్చుని, ఏ వేగంలో స్టిక్, అంటే విమానాన్ని తిప్పే కర్ర, బరువెక్కింది, ఏ మలుపులో వణుకు మొదలైంది, ఒక్కొక్కటీ చెప్పాలి. భయం ఉన్నా ఆ క్షణంలో కళ్ళూ చెవులూ పనిచేస్తూనే ఉండాలి. ధైర్యం ఒక్కటే ఉంటే ఆ పనికి చాలదు.

మారుత్ అంటే హెచ్ఎఫ్-24, మన దేశంలోనే డిజైన్ చేసి తయారుచేసిన మొదటి జెట్ ఫైటర్, అంటే యుద్ధవిమానం. దాని డిజైనర్ కర్ట్ టాంక్, జర్మన్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఫోకవుల్ఫ్ 190 యుద్ధవిమానం ఆయన డిజైన్ చేసిందే. 1956లో తన ఇంజనీర్ల బృందంతో బెంగళూరు వచ్చాడు. అప్పటికి ఇక్కడ జెట్ ఫైటర్ డిజైన్ చేసిన అనుభవం ఎవరికీ లేదు. అందుకని ముందు ఏం చేశారో తెలుసా? అదే ఆకారంలో, అదే సైజులో చెక్కతో గ్లైడర్ కట్టారు. దానికి ఇంజను లేదు. డకోటా విమానానికి తాడు కట్టి ఆకాశంలోకి లాక్కెళ్ళి అక్కడ వదిలేసేవాళ్ళు. పైలట్ దాన్ని గాలిమీద తేలుస్తూ పరీక్షలు చేసి కిందికి దించాలి. పొరపాటు జరిగితే ఇంకోసారి చుట్టు తిరిగొద్దామంటే ఇంజనే లేదు కదా! 1959లో మొదలుపెట్టి అలా 78 సార్లు ఎగిరింది ఆ గ్లైడర్. తర్వాత 1961 జూన్ 17న అసలు మారుత్‌ను మొదటిసారి గాల్లోకి లేపింది దాస్ గారు.

ఇక్కడొక బాధ ఉంది. ఆ విమానం ఆకారం ధ్వని కంటే రెండింతల వేగానికి గీసింది. దానికి అనుకున్న బ్రిటిష్ ఇంజను తయారీ మధ్యలో ఆగిపోయింది. దాన్ని పూర్తి చెయ్యాలంటే ఖర్చు మనమే పెట్టుకోవాలన్నారు, అది కుదరలేదు. చివరికి తక్కువ శక్తి ఉన్న ఆర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టారు. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు బాగా పనిచేశాయి. చూసినవాళ్ళు ఎవరైనా అనేది ఒక్కటే, ఇంత అందమైన విమానానికి తగిన ఇంజను దొరికి ఉంటే బాగుండేదని.

ఆ లోటు తీర్చడానికే ఆర్ఫియస్‌కు మన దేశంలోనే రీహీట్ జోడించారు. ఇంజను వెనక గొట్టంలో మళ్ళీ ఇంధనం మండించి తోపు పెంచడం అన్నమాట. ఆ రకం మారుత్‌తోనే 1970 జనవరి 10న దాస్ గారు బెంగళూరులో టేకాఫ్ తీసుకున్నారు. కొద్ది క్షణాల్లోనే కూలిపోయింది. కానోపీ, అంటే పైలట్ తలమీద ఉండే అద్దం మూత, లాక్ సరిగా పడకపోవడం వల్ల జరిగిందని చెప్తారు. టేకాఫ్‌లో అది లేస్తే విమానం మీద గాలి దెబ్బ ఒక్కసారిగా మారిపోతుంది. చేతిలో ఎత్తూ ఉండదు, టైమూ ఉండదు.

నా సీనియర్ మెకానిక్ ఒకాయన ఉండేవాడు, తమిళాయన. కానోపీ మూశాక లాక్ పడిందని గుర్తు కనిపించినా నమ్మేవాడు కాదు. బొటనవేలు అంచుమీద ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా జరిపేవాడు. కాస్త ఎత్తుపల్లం వేలికి తగిలినా మళ్ళీ తెరిచి మూయించేవాడు. ఎండకు ఆ లోహం కాలుతూ ఉండేది, అయినా గ్లవ్ తీసే చూసేవాడు. మొదటిరోజు నా వేలు పట్టుకుని ఆ అంచుమీద తనే జరిపాడు. ఎందుకని అడిగితే "దాస్ సాబ్" అని ఒక్క మాటే అన్నాడు. పని మానేసేదాకా నేనూ అలాగే చేశాను. నా కింద నేర్చుకున్న పిల్లలతోనూ చేయించాను.

విమానం చూడాలంటే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియంకు తీసుకెళ్ళు, బయటే మారుత్ ఉంటుంది. మీకు దగ్గర్లోనే హెచ్ఏఎల్ మ్యూజియంలోనూ ఉంది.

జవాబు 3 (హైదరాబాద్ నుంచి)

పెద్దవారు చెప్పింది రెండుసార్లు చదివాను. ఒక్క సంగతి చేర్చాలి. మా ఊరు దుండిగల్ పక్కనే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అక్కడే కదా, చిన్నప్పుడు కిరణ్ అనే శిక్షణ విమానాల మోత లేకుండా మాకు తెల్లారేది కాదు. టీచర్ పాఠం మధ్యలో ఆపి, శబ్దం దాటిపోయాక మళ్ళీ అందుకునేది. ఆ కిరణ్‌ను 1964 సెప్టెంబర్ 4న మొదటిసారి ఎగరేసింది కూడా దాస్ గారే. మన ఎయిర్‌ఫోర్స్ పైలట్లు ఎన్ని తరాల వాళ్ళు దానిమీద జెట్ నేర్చుకున్నారో! మారుత్ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది గానీ, కిరణ్‌ల వల్ల ఆయన పని మా తలమీద అంతకాలం తిరుగుతూనే ఉంది. ఇది మాకెవరూ బడిలో చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం కస్తూర్బా రోడ్డుకు వెళ్ళొచ్చాం. పాపకు గ్లైడర్ కథే అన్నిటికంటే నచ్చింది. మారుత్ ముందు నిలబడి "దీనికి ఇంజను లేకుండా కూడా ఎగిరారా?" అని మూడుసార్లు అడిగింది. తర్వాత కానోపీ ఎక్కడని వెతికింది. చెయ్యి అందదు కదా, కిందనుంచే గాల్లో బొటనవేలు ఆ అంచు వెంబడి జరిపింది. సార్, మీ సీనియర్ గారి గురించి దానికి చెప్పాను.

నాకు ఇంకో రోజు గుర్తొచ్చింది. 2019 ఫిబ్రవరి 1న మా ఆఫీసు కిటికీలోంచి పాత ఎయిర్‌పోర్ట్ వైపు నల్లటి పొగ చూశాం. మిరాజ్ యుద్ధవిమానం కూలి స్క్వాడ్రన్ లీడర్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ నేగి పోయారు. ఇద్దరూ టెస్ట్ పైలట్లేనని అప్పుడు వార్తల్లో విన్నా, ఆ మాట అర్థం ఇప్పుడు తెలిసింది. అప్‌గ్రేడ్ చేసిన విమానం సరిగా ఉందో లేదో చూడటానికి ఎక్కారు. మధ్యాహ్నానికి మేం మళ్ళీ మీటింగుల్లో కూర్చున్నాం. ఇవాళ అది తలుచుకుంటే తప్పు చేసినట్టుంది.

ఒక్కటి అడగాలి. ఆ రోడ్డు బోర్డుల మీద నేను చూసినంతలో పేరు తప్ప ఇంకేం లేదు. ఆయన ఎవరో రెండు వాక్యాలు రాయిస్తే అక్కడ ఆగిన వాళ్ళలో ఒక్కరైనా చదువుతారు కదా?

జవాబు 4 (విమానపుర నుంచి, రిటైర్డ్ ఫిట్టర్)

నీ బిడ్డకు నా ఆశీస్సులు చెప్పు బాబూ. ఆ వేలి సంగతి చదివి మా ఆవిడకు వినిపించాను.

నువ్వు ఆ ఇద్దరి పేర్లూ రాశావు, సంతోషం. 2009 మార్చి 6 కూడా గుర్తుపెట్టుకో. బెంగళూరు పక్కన బిడది దగ్గర, పరీక్షల్లో ఉన్న సరస్ అనే మన దేశపు చిన్న విమానం కూలింది. వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేష్ షా, వాళ్ళతో ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్ స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా. ఇంజనీర్ పేరు జనం త్వరగా మర్చిపోతారు. ఆయనా అదే విమానంలో, అదే పరీక్షకు ఎక్కాడు.

బోర్డు మాట మంచిదే. పేరు పెట్టిన పెద్దలు అప్పట్లో అందరికీ తెలిసిన మనిషి కదా అనుకుని ఉంటారు. యాభై ఏళ్ళు దాటాక పేరొక్కటే చాలదు. కార్పొరేషన్‌కు అర్జీ కన్నడంలో రాస్తేనే కదులుతుంది, అది నేను రాస్తాను. రెండు వాక్యాలే ఉండాలి. ఒకటి 1961 జూన్ 17, రెండోది 1970 జనవరి 10. పద్మభూషణ్ సంగతి చోటుంటే రాద్దాం, లేకపోతే వద్దు. మీ అపార్ట్‌మెంట్ వాళ్ళవీ మా వీధి వాళ్ళవీ సంతకాలు కావాలి. శనివారం సాయంత్రం విమానపుర పోస్టాఫీసు దగ్గరికి రా, కాగితం తీసుకొస్తాను. పాపను కూడా తీసుకురా.