11 రోజులుగా ఇగ్వానా ఆకు ముట్టడం లేదు, ఏం చేయమంటారు?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడేళ్లు నిండబోతున్న పచ్చ ఇగ్వానా (బల్లి జాతికి చెందిన పెద్ద జీవి) ఒకటి ఉంది. అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు హైదరాబాదులోని ఒక దుకాణంలో కొన్నాము. మగదని చెప్పి ఇచ్చారు. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాను. మా అమ్మాయి దానికి చిట్టి అని పేరు పెట్టింది. ముక్కు కొస నుంచి తోక చివర వరకు ఇప్పుడు మూడున్నర అడుగులు ఉంటుంది.

సంక్రాంతి వెళ్లిన మరునాటి నుంచి చిట్టి తిండి మానేసింది. పొద్దున్నే గిన్నె పెడితే దగ్గరకు వస్తుంది, నాలుక కొసతో ఒకసారి తాకి చూస్తుంది, తల పక్కకు తిప్పుకుని తన కొమ్మ మీదకు వెళ్లిపోతుంది. అంతకు ముందు రోజూ పాలకూర, దోసకాయ ముక్కలు, అప్పుడప్పుడు అరటిపండు ఇష్టంగా తినేది. ఆరు రోజులుగా విసర్జన కూడా లేదు. పంజరం హాలులో అద్దాల కిటికీ పక్కన ఉంది, పైన ఒక 60 వాట్ల పసుపు బల్బు వేలాడదీశాను. మా బజారులో పెద్దవాళ్లు ఉడికిన గుడ్డు తినిపించమంటున్నారు. సిరంజితో గ్లూకోజు నీళ్లు నోట్లో పోయమని మరొకరు చెప్పారు. ఆ పని ఈ రాత్రికే చేయాలా, ఆగాలా? అమ్మాయి బడి నుంచి రాగానే ముందు గిన్నె వైపే చూస్తోంది, దానికి ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు 1 (కరీంనగర్ నుంచి)

ముందుగా సిరంజి పక్కన పెట్టండి. గుడ్డు అసలే వద్దు, ఇగ్వానా పూర్తిగా ఆకులు తినే జీవి, మాంసకృత్తులు ఎక్కువైతే దాని మూత్రపిండాలు దెబ్బతింటాయి. బలవంతంగా పోసిన నీళ్లు శ్వాసనాళంలోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది.

నేను తొమ్మిదేళ్లుగా రెండు ఇగ్వానాలను పెంచుతున్నాను. తిండి మానేసిందని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒక్కటే: పంజరంలో వేడి ఎంత ఉంది? దాని ఒంటికి సొంత వేడి లేదు, బయటి వేడితోనే కడుపులోని ఆకు అరుగుతుంది. మన దగ్గర జనవరి రాత్రుల్లో వేడి 15 డిగ్రీల దాకా దిగుతుంది, ఆ చలిలో తిన్నది పేగుల్లోనే నిలిచిపోతుంది కనుక దానికి ఆకలి పుట్టదు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 డిగ్రీలు, చల్లని మూలలో 27 డిగ్రీలు ఉండాలి, రాత్రి 23 కంటే తగ్గకూడదు. చేత్తో తాకి అంచనా వేయకండి, రెండు థర్మామీటర్లు కొని ఒకటి పైన, ఒకటి కింద కట్టండి.

ఇక అద్దాల కిటికీ సంగతి. అద్దంలోంచి వచ్చే ఎండలో వెలుగు ఉంటుంది కానీ దానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు రావు, పసుపు బల్బు కూడా వాటిని ఇవ్వదు. ఆ కిరణాలు లేకపోతే డి విటమిన్ తయారు కాదు, ఆ విటమిన్ లేకపోతే మీరు ఎంత కాల్షియం పెట్టినా ఎముకకు చేరదు. ఆ కిరణాలను ఇచ్చే యూవీబీ ట్యూబు లైటు ఒకటి తెప్పించండి. అది వెలుగుతున్నట్టే కనిపించినా కిరణాలు తగ్గిపోతాయి కనుక ఏడాదికోసారైనా మార్చాలి. అంతవరకు ఉదయం ఎనిమిది దాటాక, నీడ కూడా ఉండేలా, తీగ వల పంజరంలో డాబా మీద ఒక గంట ఉంచండి. గాజు తొట్టిలో పెట్టి ఎండలో ఉంచితే మాత్రం నిమిషాల్లో ఉడికిపోతుంది.

పాలకూర, పుంటికూర మానేయండి, వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం ఆహారంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. మునగాకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు, తురిమిన గుమ్మడికాయ, బీరకాయ పెట్టండి. రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో, భుజాల వరకు మాత్రమే మునిగేలా, కూర్చోబెట్టండి. మా పెద్ద ఇగ్వానా విసర్జన చేసేది ఆ స్నానపు నీళ్లలోనే.

ప్రశ్న అడిగినవారు

అన్న గారూ, చాలా కృతజ్ఞతలు. థర్మామీటర్లు పెట్టి చూస్తే బల్బు కింద 27, తెల్లవారుజామున 17 డిగ్రీలు చూపించింది, నా గుండె జారిపోయింది. సిరామిక్ హీటరు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటు పెట్టాను, ఇప్పుడు మీరు చెప్పినంత వేడి ఉంది. మూడో రోజు స్నానంలో విసర్జన అయింది. అయినా తిండి మాత్రం ముట్టలేదు. వంటింటి త్రాసు మీద తూచాను: పండుగకు ముందు 1,140 గ్రాములు, ఈ రోజు 1,130. నిన్నటి నుంచి పంజరం అడుగున ముందు కాళ్లతో గీరుతోంది, రాత్రంతా అదే చప్పుడు.

జవాబు 2 (మంచిర్యాల నుంచి, పశువైద్యురాలిని)

వేడి గురించి పైన అన్న గారు చెప్పినదంతా సరైనదే, అది ఎలాగూ కావలసిందే. కానీ మీరు రాసిన త్రాసు లెక్క నన్ను ఆపేసింది. రెండు వారాలు ఏమీ తినని జీవి కేవలం పది గ్రాములే తగ్గిందంటే లోపల ఏదో పెరుగుతూ ఉండవచ్చు. దాన్ని మెల్లగా పైకెత్తి తొడల అడుగు భాగం చూడండి, అక్కడ వరుసగా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ఎదిగిన మగదానికి అవి పెద్దవై, ఒక్కొక్క దానిలోంచి మైనపు పుల్ల లాంటిది పొడుచుకు వస్తుంది. ఆడదానికి సూదిమొన తాకిన చుక్కల్లా ఉంటాయి. తుంటి ఎముకలు బయటపడి, పొట్ట మాత్రం నిండుగా, గడ్డలు గడ్డలుగా కనిపిస్తున్నదా?

నా అనుమానం చిట్టి ఆడది, గుడ్లతో ఉంది. మగ తోడు లేకపోయినా రెండు మూడేళ్ల వయసులో ఆడ ఇగ్వానా గుడ్లు కడుతుంది, వాటిలోంచి పిల్లలు రావు అంతే. గుడ్లు పొట్టంతా ఆక్రమించడం వల్ల చివరి మూడు నాలుగు వారాలు తిండి దాదాపు మానేస్తుంది, నీళ్లు మాత్రం తాగుతుంది. ఆ గీరడం చోటు వెతకడమే. దానికి తవ్వేందుకు మట్టి ఇవ్వకపోతే గుడ్లు లోపలే ఆపుకుంటుంది, అసలు ప్రాణాపాయం అక్కడే ఉంది.

అది మొత్తం ఒళ్లు తిప్పుకోగలిగినంత పెద్ద మూత పెట్టె తీసుకుని, ఒక పక్కన దూరేందుకు రంధ్రం కోసి, ఇసుక కలిపిన తడి మట్టిని జానెడుకు పైగా నింపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. పెట్టె వెచ్చగా ఉండాలి, మనుషుల అలికిడి ఉండకూడదు, మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. దానితో పాటు ఒక ఎక్స్-రే తీయించండి. మీకు మామునూరు పశువైద్య కళాశాల దగ్గరే. చురుకుగా ఉన్నంతవరకు ఎదురు చూడవచ్చు. కళ్లు మూసుకుని నీరసంగా పడి ఉన్నా, వేళ్లు వణుకుతున్నా, తవ్వి తవ్వి ముక్కుతూ గుడ్డు రాకపోయినా గంటలు లెక్కపెట్టకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. కాల్షియం మోతాదు కూడా వారే తూకాన్ని బట్టి చెప్పాలి, ఇంట్లో ఉన్న మందులు వేయకండి. మరొక మాట, దాన్ని పట్టుకున్న ప్రతిసారీ అమ్మాయి చేత సబ్బుతో చేతులు కడిగించండి, సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

డాక్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టే తొడల కింద చుక్కలే కనిపించాయి. ఎక్స్-రేలో పొట్ట నిండా గుండ్రని నీడలు, 20కి పైనే ఉన్నాయి. పాత ప్లాస్టిక్ నిల్వ పెట్టెకు రంధ్రం కోసి, మట్టీ ఇసుకా నింపి, పంజరంతో కలిపి దుప్పటి కప్పాను. మొదటి రెండు రోజులు రంధ్రం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం లోపలికి దూరి, రాత్రి పొద్దుపోయాక ముక్కు నిండా మట్టితో బయటకు వచ్చింది. నడుము దగ్గర చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. తవ్వి చూస్తే తెల్లగా, మెత్తటి తోలుతో, 23 గుడ్లు ఉన్నాయి. మరునాడు తీసిన ఎక్స్-రేలో ఒక్కటీ మిగల్లేదని చెప్పారు. వైద్యులు రాసిన కాల్షియం చుక్కలు ఇస్తున్నాను.

త్రాసు మీద 805 గ్రాములు వచ్చింది. రెండు రోజులు నీళ్లే తాగింది. మూడో రోజు మా అమ్మాయి పెరటిలోని ఎర్ర మందారం రేక ఒకటి గిన్నె అంచున పెట్టింది. చిట్టి నాలుకతో తాకి, ఈసారి తల తిప్పుకోలేదు. ఈ ఉదయానికి మునగాకు, గుమ్మడి తురుము పెట్టిన గిన్నె ఖాళీ అయింది, తూకం 830.