బంతి నారు రాత్రికి రాత్రే మాయమైతుంది, నత్తలకు ఏం చెయ్యాలె?

నల్గొండ_పెరడు
అందరికీ నమస్తే. మాది నల్గొండ, ఇంటెనక చిన్న పెరడు ఉంది. బతుకమ్మకు బంతిపూలు మనింటియే ఉండాలని మా అత్తమ్మ ప్రతి ఏడు నారు పోస్తది, ఈసారి పోసుడు లేటయిందని నర్సరీల నుంచి 40 మొక్కలు తెచ్చి పెట్టినం. మూడు రోజులల్ల సగం పోయినయి. పొద్దుగాల లేచి చూస్తే ఆకు లేదు, ఉత్త కాడ నిలబడి ఉంది, మట్టి మీద కుండీ అంచుల మీద ఎండిన జిగురు లెక్క మెరిసే చారలు. పగలు ఎంత ఎతికినా ఏం కనవడలే, నిన్న రాత్రి 10 గంటలకు ఫోన్ లైట్ ఏసుకొని పోతే గోడ వెంబడి పెద్ద పెద్ద నత్తలు, పాలకూర మడిల గుల్ల లేని రకం గూడ ఉన్నయి. పక్కింటోళ్లు ఉప్పు చల్లమంటున్నరు, చల్లొచ్చా? ఇంట్ల కుక్కపిల్ల, నాలుగు కోళ్లు ఉన్నయి, మందు పెట్టాలంటె భయమైతుంది. మా అత్తమ్మ ఆ కాడలు చూసి పొద్దంత సరిగ్గ మాట్లాడలే, దయచేసి ఎవరన్న చెప్పండి.

మిర్యాలగూడ_మిద్దెతోట
ఉప్పు మట్టిల చల్లకు అక్కా. నేను చల్లిన, నత్తలు చచ్చినయి గని తోటకూర ఆకులు అంచుల పొంటి మాడిపోయినయి, ఆ మడిల తర్వాత ఏసిన మెంతులు గూడ సరిగ్గ మొలవలే. ఉప్పు బకెట్‌ల కలుపు, మట్టిల కాదు. రాత్రి 8 దాటినంక టార్చ్ పట్టుకొని ఏరి ఉప్పునీళ్లల్ల ఏసి, పొద్దున ఆ నీళ్లు మొక్కలకు దూరంగ పారబోసి గుల్లలు గుంత తీసి పూడ్చేయ్. పగటీలి అవి దాక్కునే జాగ చూడు, కుండీల కింద, పేర్చిన ఇటుకల సందుల, వాటర్ ట్యాంక్ పక్కన తడి ఉన్న కాడ. ఇంకొకటి, నీళ్లు పొద్దుగాల పట్టు. సాయంత్రం పడితె రాత్రంత నేల తడిగుంటది, వాటికి గదే కావాలె.

పాలమూరు_రైతుబిడ్డ
గుల్ల పొడుగ్గ, కొస మొనతేలి, గోధుమరంగు చారలు ఉంటె అది ఆఫ్రికా నత్త. 1847ల మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాల ఇడిస్తె దేశమంత పాకింది. ఒక్కదాంట్లనే ఆడ మగ రెండూ ఉంటయి, ఒక్కో విడతల 100కు పైన గుడ్లు పెడతది, అందుకే పెద్దయి ఏరినా వారం దాటంగనే మళ్ల చిన్నయి కనవడతయి. కుండీ మట్టి కెలికి చూడు, సగ్గుబియ్యం లెక్క గుండ్రంగ తెల్లగ ఉంటయి గుడ్లు. నాకు తెలిసి మీకు ఆ నర్సరీ మొక్కల మట్టిలనే వచ్చి ఉంటయి. ఉత్త చేతులతోని పట్టకు, కవరో గ్లౌజో తొడుక్కో, వీటిల ఉండే ఒకరకం పురుగు మనిషి మెదడు దాక పోతది, పాలకూర గూడ మంచిగ కడిగి ఉడికిచ్చే తినుండ్రి.
నత్తలను చంపే మందు, మెటాల్డిహైడ్ గుళికలు దొరుకుతయి, పనిచేస్తయి, గని కుక్క తింటే చచ్చిపోతది, కోళ్లకూ ప్రమాదమే. మీ ఇంట్ల అస్సలు వద్దు. తవుడు, బెల్లం నీళ్లు కలిపి ముద్ద చేసి మడి పక్కన పెట్టి పైన తడి గోనెసంచి కప్పు, కోళ్లను ఇడవకముందే తెల్లారి సంచి లేపు.

దేవరకొండ_అమ్మ
కట్టెల బూడిద మొక్క చుట్టు పొయ్యి బిడ్డా, దాటవు.

మిర్యాలగూడ_మిద్దెతోట
అమ్మా బూడిద పొడిగ ఉన్నంతసేపే, ఒక్క వాన పడితె ఉత్త బురద. ఈ ముసురుల దాన్ని నమ్ముకుంటె కష్టం. మీ దిక్కు జెముడుకాకి వస్తే తరమకుండ్రి, అది నత్తలను ఏరుకొని తింటది.

నల్గొండ_పెరడు
అన్నా, తమ్మీ, అమ్మా అందరికీ మస్తు థాంక్స్. ఐదు రోజులు అయింది. మొదటి రాత్రి 31 దొరికినయి, నిన్న 6. గోనెసంచి కింద బొటనవేలంతయి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నయి, సంచి లేపంగనే ఆ వాసనకు కడుపుల తిప్పింది గని అన్నీ ఒక్కకాడనే దొరికినయి. గుడ్లు ట్యాంక్ పక్క ఇటుకల కింద ఉన్నయి, మొన్న అదేదో ఎరువు గుళికలనుకొని నేనే పక్కకు తోసిన. ఇటుకలన్ని తీసేసి జాగంత ఎండకు ఇడిసినం. బంతి 17 మిగిలినయి, కొత్త చిగురు తీస్తున్నయి. మా అత్తమ్మ నిన్న ఇంట్ల దాచిన గింజలు తీసి పాత తట్టల నారు పోసింది, ఈసారి కింద పెట్టలే, స్టూల్ మీద పెట్టి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టింది. రోజు రాత్రి నాకంటె ముందు ఆమెనే టార్చ్ పట్టుకొని పోతుంది.
ఒక్కటి చెప్పండి, నాటినంక బంతి పూతకు నెలన్నర పైనే పడతది కద, నారు ఎన్ని ఆకులకు వస్తే మడిల పెట్టొచ్చు?

పాలమూరు_రైతుబిడ్డ
నాలుగైదు ఆకులు రానియ్ అక్కా, కాడ జర గట్టిపడ్డంక పెట్టు. పెట్టిన మొదటి వారం మాత్రం రాత్రి ఏరుడు బంద్ చెయ్యకు.