ఏఐకి ఆత్మ ఉంటుందా? ఆదికాండము 2:7 ఏమంటోంది?

నేలమంటి:
అందరికీ వందనాలు. మా యూత్ మీటింగులో ఒక అబ్బాయి అడిగాడు: "దేవుడు మట్టిలోకి ఊపిరి ఊదాడు కదా, కంప్యూటర్ చిప్పు కూడా ఇసుకే, దానిలోకి ఎందుకు ఊదడు?" నాకు నోట మాట రాలేదు. మీరైతే ఏం చెబుతారు?

సీయోను_బాట:
జవాబు వచనంలోనే ఉంది బ్రదర్. "వాని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదగా నరుడు జీవాత్మ ఆయెను." ఊదింది దేవుడు. చాట్‌జీపీటీకి ముక్కుందా? ఇక చర్చ ఎందుకు?

పాత_నిబంధన:
అంత తేలిక కాదండి. అక్కడ హీబ్రూలో ఉన్నది 'నెఫెష్ హయ్యా', అంటే ప్రాణమున్న జీవి. 1:24లో పశువులకూ పురుగులకూ అదే మాట. మన తెలుగు బైబిలులో అక్కడ 'జీవముగలవాటిని' అని, ఇక్కడ 'జీవాత్మ' అని వేశారు కాబట్టి మనకు వేరుగా కనిపిస్తాయి. ప్రసంగి 3:21లోనూ అంతే. నరులకు 'ఆత్మ', మృగాలకు 'ప్రాణము' అని చదువుకుంటాం, మూలంలో రెండూ 'రూవహ్'. మనిషిని వేరు చేసేది 1:27, దేవుని స్వరూపం. వాదిస్తే అక్కడ నిలబడి వాదించండి.

సీయోను_బాట:
అంటే మనిషీ గొడ్డూ ఒకటేనా?

పాత_నిబంధన:
అలా ఎక్కడన్నాను? చివరి రెండు వాక్యాలు మళ్లీ చదవండి.

వంటింటి_కిటికీ:
బైబిల్లో బిలాము గాడిద కూడా మాట్లాడింది. దానికెవరూ బాప్తిస్మం ఇవ్వలేదు.

కోడింగ్_కూలీ:
ఇది పాత గొడవే. 1950లో కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ తన వ్యాసంలో దీన్ని ఎత్తుకున్నాడు. దేవుడు తలచుకుంటే ఏనుగుకైనా ఆత్మ ఇవ్వగలడు, యంత్రానికి ఇవ్వలేడంటే ఆయన శక్తికి మీరే హద్దు గీసినట్టు అని. 2022లో గూగుల్ ఇంజనీరు బ్లేక్ లెమోయిన్, వాళ్ల చాట్‌బాట్ లామ్డాకు స్పృహ ఉందని అన్నాడు, తన మతవిశ్వాసాన్ని బట్టే అంటున్నానని చెప్పాడు. ఉద్యోగం పోయింది. నా పనిలో నేను చూసేది మాత్రం తర్వాతి మాట ఏదో లెక్కగట్టే ప్రోగ్రామే.

సీయోను_బాట:
ఇవ్వగలడు వేరు, ఇచ్చాడు వేరు. నాకెందుకింత కోపమో చెబుతాను. పోయినేడు మా అమ్మ జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఏఐ రాసిచ్చింది ఫోన్‌లో చూసి చదివారు. "అలుపెరుగక పనిచేసిన ఆమె చేతులు" అన్నారు. అమ్మకు ఆరేళ్లుగా కుడిచెయ్యి పడిపోయింది. ప్రభు బల్ల రొట్టె నెలనెలా ఇంటికొచ్చి ఆమె నోట్లో పెట్టింది ఆయనే! రెండు వారాలకు ఇంకొకరి కూడికలో అవే చేతులు, పేరు మార్చి.

పాత_నిబంధన:
బాధాకరమే. కానీ దానికీ ఈ ప్రశ్నకూ సంబంధమేంటి?

సీయోను_బాట:
హీబ్రూ తెలిసినవాళ్లకు సంబంధం కనబడదు లెండి.

పాత_నిబంధన:
నేనూ పాస్టరునే. మూడు ఊళ్లు, ఆదివారం మూడు ఆరాధనలు, మధ్యలో బండి మీద తిరుగుడు. శనివారం రాత్రి పదకొండింటికి దాన్నే అడుగుతాను. పాత వ్యాఖ్యానం తెరిచి చూసుకుంటే తప్పు లేదు, ఇది మాత్రం పాపమా?

సీయోను_బాట:
ఆదివారం ప్రసంగానికి అడుక్కోండి, ఎవరు వద్దన్నారు? చచ్చిపోయినవాళ్ల ఇంటికి వచ్చేటప్పుడైనా వాళ్లెవరో మాకు ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా.

వంటింటి_కిటికీ:
ఇద్దరూ ఇంతసేపు దేని గురించి కొట్టుకున్నారో ఇప్పుడు అర్థమైంది.

పాత_నిబంధన:
మీ పాస్టరును వెనకేసుకురాను. పోయిన నెల ఒక ఇంట్లో నేనూ ఏఐ రాసిచ్చిందే చదివాను. ఆ పెద్దాయన నాకు పదేళ్లుగా తెలుసు. వాళ్ల అబ్బాయి ఏమీ అనలేదు, టీ ఇచ్చి పంపించాడు.

నేలమంటి:
అయ్యా, ఇసుక సంగతి ఎవరూ చెప్పలేదు. శనివారం మళ్లీ మీటింగ్ ఉంది.