పదో తరగతి బహుమతులు మొదటి ముగ్గురికేనా?

సంఘ కార్యదర్శి (చర్చ ప్రారంభం)

మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులం పదేళ్ల కిందట చందాలు వేసుకుని మూడు లక్షల రూపాయలు బ్యాంకులో డిపాజిట్ చేశాం. దానిపై ఏటా వచ్చే వడ్డీలోంచి, పబ్లిక్ పరీక్షల్లో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవారికి పదివేలు, ఆరువేలు, నాలుగువేలు చొప్పున ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక అందజేస్తున్నాం. ఈసారి సమావేశంలో ఒక సభ్యుడు లేచి, పై మార్కులవారిని ప్రభుత్వమే సత్కరిస్తున్నప్పుడు మన చిన్న వడ్డీ డబ్బు కూడా ఆ ముగ్గురి చేతికే ఎందుకు వెళ్లాలని అడిగారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఆణిముత్యాలు’ పేరుతో పాఠశాల స్థాయిలో వెయ్యి నుంచి రాష్ట్ర స్థాయిలో లక్ష రూపాయల వరకు బహుమతులు ఇచ్చారు. ప్రభుత్వం మారిన తరువాత 2025లో ‘షైనింగ్ స్టార్స్’ పేరుతో ఒక్కొక్కరికి 20 వేల రూపాయలు, పతకం, ప్రశంసాపత్రం ఇచ్చారు. అయినా సభ్యులు రెండుగా చీలిపోయారు. మా బడి పదో తరగతిలో ఈ ఏడాది 62 మంది పరీక్ష రాశారు. ముగ్గురికి ఇచ్చే పద్ధతిని కొనసాగించాలా, మార్చాలా? మార్చితే ఏ కొలబద్దతో మార్చాలి? అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

విశ్రాంత తెలుగు పండితుడు

కొనసాగించండి. మార్కులంటే నాకు ప్రత్యేకమైన మోజేమీ లేదు. మార్కులు తప్ప మరో కొలతను మన బడులు నిజాయితీగా వాడగా నేను చూడలేదు, అంతే. నేను పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవం నాడు ‘ఉత్తమ విద్యార్థి’ పురస్కారం ఉండేది. నడవడి, నాయకత్వం, సేవాభావం చూసి ఉపాధ్యాయులందరూ కలిసి ఎంపిక చేయాలని నియమం. వరుసగా రెండేళ్లు అది విద్యా కమిటీలో పలుకుబడి ఉన్న ఒకే ఇంటి పిల్లలకు వెళ్లింది. ఆ పిల్లలు చెడ్డవారేమీ కాదు, కానీ రెండో ఏడు పేరు చదివినప్పుడు మైదానంలో కూర్చున్న పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. మేమెవరం నోరు విప్పని సంగతిని వాళ్లు ఆ మౌనంతో చెప్పారు. మార్కుల జాబితా హైదరాబాదులోనో విజయవాడలోనో తయారై వస్తుంది కనుక దానిమీద ఊరి ఒత్తిడి పనిచేయదు. ఆ ఒక్క సుగుణం కోసమైనా దాన్ని వదులుకోవద్దు.

పెద్దల వ్యవహారం పురస్కారాల్లోకి ఎలా చొరబడుతుందో చూడాలంటే 2019 నవంబరును గుర్తు చేసుకోండి. పదో తరగతి పిల్లలకు అబ్దుల్ కలాం పేరిట ఇచ్చే ప్రతిభా పురస్కారాల పేరు మారుస్తూ ఉత్తర్వు రావడం, విమర్శలు చెలరేగగానే దాన్ని రద్దు చేయడం, అన్నీ రోజుల వ్యవధిలో జరిగిపోయాయి. ఆ గొడవ అంతటిలో పురస్కారం అందుకోవాల్సిన పిల్లల ప్రస్తావన ఎక్కడా వినిపించలేదు.

గణిత ఉపాధ్యాయిని

మాస్టారు గారూ, ఊరి ఒత్తిడి గురించి మీరు రాసినది అక్షరాలా నిజం. అయితే మార్కుల జాబితా కూడా ఊరికి అతీతమైనది కాదని నా పదిహేడేళ్ల అనుభవం చెబుతోంది. మా తరగతిలో ప్రతి ఏడూ మొదటి మూడు స్థానాల్లో ఉండేవారు ఎవరో సెప్టెంబరులోనే చెప్పగలను. సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లగలిగినవారు, ఇంట్లో చదువుకోవడానికి ఒక గది ఉన్నవారు, మిరప కోతల కాలంలో తల్లితోపాటు పొలానికి వెళ్లాల్సిన అవసరం లేనివారు. మా వైపు కోతలు ముమ్మరంగా సాగేది సరిగ్గా ప్రీ ఫైనల్ పరీక్షల రోజుల్లోనే. మొన్నటి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఆ కోతలకు వారంలో మూడు రోజులు వెళుతూనే 600కు 480 దాటింది. ఆమెకు మన వేదిక మీద చోటు లేదు.

ఇది నా ఒక్కదాని సెంటిమెంటు అనుకోకండి. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశాలు ఇచ్చే నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో, ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు (వసతుల లేమికి పరిహారంగా ఇచ్చే అదనపు మార్కులు) కలుపుతారు. ఒకే మార్కు వెనుక ఒకే శ్రమ ఉండదని వాటిని నడిపే విశ్వవిద్యాలయమే ఒప్పుకుని, దాన్ని అంకెల్లో పెట్టిందన్నమాట. మన మొదటి ర్యాంకు విద్యార్థికి అసలు బహుమతి ఆ సీటే. మన పదివేలు దాని వెనుక వెళ్లే పూలదండ లాంటిది. ఆ సీటు రానివారికి మనం ఇచ్చేది ఏమిటన్నదే నా ప్రశ్న.

హాజరుకు బహుమతి ఇద్దామని ఎవరైనా అంటారేమో, ముందే చెబుతున్నాను, వద్దు. కాలిఫోర్నియాలో వేలమంది బడి పిల్లలతో చేసిన ఒక ప్రయోగంలో, అప్పటికే పూర్తి హాజరు సాధించినవారికి హఠాత్తుగా పురస్కార పత్రం పంపితే ఆ తరువాతి నెలలో వారి హాజరు కొంత తగ్గింది. తోటివారికన్నా ఎక్కువగా, అవసరానికి మించి వస్తున్నామన్న సందేశం వాళ్లకు అందివుంటుందని పరిశోధకులు భావించారు. పైగా మన ఊళ్లో హాజరు బహుమతి అంటే కోతలకు వెళ్లే పిల్లను రెండోసారి శిక్షించడమే అవుతుంది.

ఒక తండ్రి

మా అబ్బాయికి ఒక్క మార్కు తేడాతో నాలుగో స్థానం వచ్చింది. రీవెరిఫికేషన్‌లో రెండు మార్కులు కలిసి మూడో స్థానానికి చేరాడు. అప్పటికే కూడలిలో ముగ్గురి ఫొటోలతో ఫ్లెక్సీ కట్టేశారు, దాన్ని ఎవరూ మార్చలేదు. బహుమతి సంగతి తరువాత, ఫలితాలు వచ్చిన మర్నాడే ఫ్లెక్సీ కట్టడాన్ని ఆపించమని సంఘానికి నా విన్నపం.

అర్థశాస్త్ర అధ్యాపకుడు

పోటీ బహుమతుల వల్ల మేలు జరగదన్న అభిప్రాయం ఇక్కడ బలపడుతున్నట్టుంది కనుక రెండో వైపు సాక్ష్యం ఒకటి చెప్పాలి. పశ్చిమ కెన్యాలో ఆరో తరగతి బాలికలకు ప్రతిభా ఉపకారవేతనం ప్రకటించి, పరీక్షలో పై 15 శాతంలో నిలిచినవారికి రెండేళ్లపాటు ఫీజు, కొంత నగదు ఇచ్చారు. బుసియా జిల్లాలో ఫలితాలు స్పష్టంగా మెరుగయ్యాయి. గెలిచే అవకాశం పెద్దగా లేని బాలికల మార్కులు కూడా పెరిగాయి, అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉపాధ్యాయుల హాజరు మెరుగుపడింది. పక్కనున్న టెసో జిల్లాలో మాత్రం అంతటి ప్రభావం కనిపించలేదు. బహుమతి ముందుగా ప్రకటించినదై, అందుకోగల దూరంలో ఉంటే తరగతి మొత్తాన్ని కదిలించగలదని నేను దీన్నుంచి అర్థం చేసుకున్నాను.

గణిత ఉపాధ్యాయిని

సార్, మీ ఉదాహరణ నా వాదానికే బలం ఇస్తోంది. 62 మందిలో 15 శాతం అంటే తొమ్మిది మంది. తొమ్మిదో స్థానం నా తరగతిలో పాతికమంది పిల్లలకు కంటి ముందు కనిపించే దూరం. మూడో స్థానం అయిదుగురికే కనిపిస్తుంది.

డల్లాస్‌లో ఉంటున్న పూర్వ విద్యార్థి

ఇక్కడి సంగతి ఒకటి పోలిక కోసం చెబుతాను. టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం హైస్కూలు తరగతిలో పై 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి హామీ ఉంది. ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. అందువల్ల మన తెలుగు కుటుంబాల్లో కూడా ర్యాంకు కోసం ఏ బడిలో చేర్పించాలి, ఏ కోర్సుకు ఎక్కువ పాయింట్లు వస్తాయి అన్న లెక్కలు ఎనిమిదో తరగతి నుంచే మొదలవుతాయి. 1921 నుంచి నడుస్తున్న నేషనల్ హానర్ సొసైటీ చదువుతోపాటు సేవ, నాయకత్వం, శీలం చూస్తామంటుంది, ఆచరణలో ఆ సేవ గంటల పట్టికగా మారి తల్లిదండ్రుల కార్ల ప్రయాణంతో ముగుస్తుంది. కొలత విశాలం చేసినంత మాత్రాన పోటీ మెత్తబడుతుందని నేను నమ్మను. నా వాటా చందా మాత్రం మీరు ఏది నిర్ణయించినా కొనసాగుతుంది.

విశ్రాంత తెలుగు పండితుడు

అమ్మా, నీ 4 శాతం ఉదాహరణ నన్ను ఆలోచింపజేసింది. అయితే ఒక్క సంగతి గమనించు. ఆ 4 శాతం ఎవరి జాలి మీదా ఆధారపడలేదు, అది రాసిపెట్టిన నియమం. ఏ బడిలో చదివారన్నది రికార్డు చూసి తేల్చవచ్చు. అలాంటి నియమం మీరు రాయగలిగితే నేను అడ్డుపడను. తొమ్మిదో తరగతి మార్కులతో పోల్చి ‘ప్రగతి బహుమతి’ ఇవ్వాలని కొందరు ఫోనులో నాతో అన్నారు. దానికి మాత్రం ఒప్పుకోను. తొమ్మిదిలో ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (బడిలోనే పెట్టే పరీక్షలు) మార్కులు వేసేది మనమే కనుక, అక్కడ కాస్త తగ్గించి వేస్తే ఇక్కడ ప్రగతి దానంతట అదే పుట్టుకొస్తుంది.

గణిత ఉపాధ్యాయిని

ఆ బెడద నేనూ ఒప్పుకుంటున్నాను, మాస్టారు గారూ. మా స్టాఫ్‌రూములోనే జరగగలదు. అందుకే నా ప్రతిపాదన పబ్లిక్ పరీక్ష మార్కులు దాటి వెళ్లదు. ఆరు సబ్జెక్టుల్లో ఒక్కొక్కదానిలో అత్యధిక మార్కులు వచ్చినవారికి రెండువేల చొప్పున ఇద్దాం, ఒక విద్యార్థికి ఒకే బహుమతి అన్న నిబంధనతో. అప్పుడు లెక్కల్లో 95 తెచ్చుకుని ఇంగ్లీషులో 50 దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి కూడా వేదిక దొరుకుతుంది. మిగిలిన ఎనిమిదివేలను, మార్చిలో తప్పి సప్లిమెంటరీలో ఉత్తీర్ణులైనవారిలో ఇంటర్‌లోనో ఐటీఐలోనో చేరినవారికి ప్రవేశ రుసుము కింద పంచుదాం. 2022లో ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయినప్పుడు సప్లిమెంటరీలో గెలిచినవారిని కూడా రెగ్యులర్‌గా ఉత్తీర్ణులైనట్టే పరిగణిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మనం మాత్రం ఇంకా వారిని చూడనట్టే నడుచుకుంటున్నాం.

ఒక తండ్రి

తప్పినవాడికి వేదిక మీద బహుమతి ఇస్తే, కష్టపడి గట్టెక్కిన వాడు ఏమనుకుంటాడు?

గణిత ఉపాధ్యాయిని

వేదిక మీద ఇవ్వం, అన్నగారూ. కళాశాలలో చేరిన రసీదు చూసి కార్యాలయంలో ఇస్తాం. అది సత్కారం కాదు, సాయం. ఆ రెండింటినీ కలపడం వల్లే మన చర్చ ఇంత పొడవైంది.

సంఘ కార్యదర్శి

ఇంతవరకు వచ్చినదాన్ని బట్టి గణిత ఉపాధ్యాయిని గారి ముసాయిదానే ఆదివారం సమావేశంలో పెట్టాలనుకుంటున్నాను. ఆమోదం పొందితే ఈ ఆగస్టు 15 నుంచే అమలు చేద్దామని నా అభిప్రాయం.

విశ్రాంత తెలుగు పండితుడు

ఇక్కడ మాత్రం ఆగాలి, నాయనా. ఈ ఏడాది పిల్లలు పాత నియమం తెలిసి పరీక్ష రాశారు. ఆ మొదటి ముగ్గురూ తమకు ఏం రావాలో ఏప్రిల్‌లోనే తెలుసుకున్నారు, ఒకరి తండ్రి ఆ పదివేలను కాలేజీ హాస్టలు అడ్వాన్సులో లెక్క కూడా వేసుకున్నాడు. పరీక్ష అయ్యాక నియమం మార్చితే, కమిటీ ఇంటి పిల్లలకు పురస్కారం ఇచ్చిన ఆ బడికీ మీకూ తేడా ఉండదు. ఈసారి ముగ్గురికీ పాత పద్ధతిలోనే ఇచ్చేయండి. కొత్త నియమాలను ఇప్పుడు పదిలో ఉన్న పిల్లలకు కనిపించేలా నోటీసు బోర్డులో అంటించండి, సంతకాలతో సహా.

సంఘ కార్యదర్శి

అలాగే చేస్తాం, మాస్టారు గారూ. ఫ్లెక్సీ విషయం కూడా ఆ కాగితంలోనే చేరుస్తాను: రీవెరిఫికేషన్ ఫలితాలు వచ్చేదాకా ఎవరి ఫొటో పెట్టరు.

ఒక తండ్రి

ఫ్లెక్సీ కట్టేది సంఘం కాదు కదా, ప్రచారం కావలసిన నాయకులు. వాళ్లకు మీ నోటీసు బోర్డు ఎవరు చదివి వినిపిస్తారు?